జైలు నుంచి ఉత్తరం వస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఖైదీలతో ఉత్తరాలు నడుపుతున్నవాళ్లు, జైళ్ల బాగు కోసం పనిచేస్తున్నవాళ్లు, తమవాళ్లు లోపల ఉన్న కుటుంబాలు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపేశాం. జైలు నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. తేడా రాగల చోట ఆ మాట అక్కడే చెప్పాం.

ప్రశ్న: జైలు గ్రంథాలయానికి పుస్తకాలిచ్చిన రోజు నేను మాట్లాడిన నాలుగు మాటలు విని, ఒక ఖైదీ నాకు ఇన్‌లాండ్ లెటర్ రాశారు. ఏడు పేజీల జవాబు రాశాను కానీ పంపడానికి చెయ్యి రావడం లేదు. మొదటి జవాబు ఎలా ఉండాలి?
– ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: ఆ ఏడు పేజీలు మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి జవాబుకు ఒక పేజీ చాలు, కానీ అది వారం దాటకుండా వెళ్లాలి. మీ ఆలోచనలకన్నా ముందు ఆయనకు తెలియాల్సింది తన ఉత్తరం చేరిందా లేదా అన్నదే. అందుకని మొదటి వాక్యంలోనే ‘మీరు ఫలానా తేదీన రాసిన ఉత్తరం నాకు ఫలానా తేదీన అందింది’ అని రాయండి. ఉత్తరం మీద 3వ తేదీ వేసి ఉండి, అది మీకు 24న చేరిందనుకోండి. మధ్యలో మూడు వారాలు పోయాయని ఆయనకు తెలుస్తుంది. మరోసారి వాయిదా తేదీ లాంటిది చెప్పాల్సివస్తే ముందుగానే రాస్తారు.

తర్వాత మీరెవరో రెండు వాక్యాల్లో చెప్పండి. మీరు చేయగలిగింది, చేయలేనిది ఇంకో మూడు వాక్యాల్లో చెప్పండి. మంచి మనసున్నవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ‘ధైర్యంగా ఉండండి, అంతా నేను చూసుకుంటాను’ అనే మాట బయట మర్యాదకు అనేది. లోపల అదే మాట హామీ అయిపోతుంది. దాన్ని పట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తారు, వేరే దారి వెతకడం మానేస్తారు. అప్పీలు గడువు అలాగే దాటిపోయే ప్రమాదం ఉంది. ‘నేను లాయరును కాను, కానీ ఉచిత న్యాయ సహాయానికి ఎవరికి రాయాలో చెప్పగలను’ అంటే చాలు, అది ఆయనకు నిజంగా పనికొస్తుంది.

చివర ఒకే ఒక్క ప్రశ్న అడగండి. ఏం చదవడం ఇష్టమనో, మీ నుంచి ఏం ఆశిస్తున్నారనో అడగవచ్చు. నేరం గురించి అడగొద్దు.

కవరు మీద పూర్తి పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు, కేరాఫ్ సూపరింటెండెంట్, జైలు పేరు, పిన్‌కోడ్ ఉండాలి. ఒకే పేరున్న ఖైదీలు పదిమంది ఉండొచ్చు కనుక తండ్రి పేరు, నంబరు లేని ఉత్తరం ఆఫీసు బల్ల మీదే ఉండిపోతుంది. విచారణలో ఉన్నప్పుడు యు.టి. (విచారణ ఖైదీ) లేదా ఆర్.పి. (రిమాండ్ ఖైదీ) నంబరు, శిక్ష పడ్డాక సి.టి. (శిక్ష పడిన ఖైదీ) నంబరు ఇస్తారు. అంటే తీర్పు వచ్చిన రోజున పాత నంబరు చెల్లకుండా పోతుంది. ప్రతి ఉత్తరంలోనూ ‘మీ నంబరు మారితే చెప్పండి’ అని ఒక మాట కలపండి. మీ ఉత్తరాలకు 1, 2, 3 అని వరస వేస్తే మధ్యలో ఏది తప్పిపోయిందో ఇద్దరికీ తెలుస్తుంది. మొదట్లో ఇంటి చిరునామా బదులు సంస్థదో, గ్రంథాలయానిదో ఇవ్వడం మంచిది. ఆయన్ని అనుమానించినట్టు కాదు. కొత్తవాళ్లెవరితోనైనా తీసుకునే జాగ్రత్తే ఇది.

ప్రశ్న: మేం రాసేది జైలువాళ్లు చదువుతారా? విడుదలై వస్తున్నవాళ్ల చేతికో, తెలిసిన వార్డర్ చేతికో ఇచ్చి పంపితే తప్పేమిటి?
– ఇద్దరు పాఠకులు, వరంగల్

జవాబు: చదువుతారు. వచ్చేదీ పోయేదీ తెరిచి చూసే అధికారం సూపరింటెండెంటుకు ఉంది. దాన్ని మనసులో పెట్టుకునే రాయాలి. ఆపేసే ఉత్తరాల్లో చాలావాటి కారణాలు చిన్నవే. అర్థంకాని గుర్తులు, కోడ్ మాటలు, ఇంకో ఖైదీ పేరుతో కబురు, సిబ్బంది డ్యూటీ వేళల ప్రస్తావన, జైలు లోపలి పటం లాంటి బొమ్మ. అక్కడ ఎవరూ చదవలేని భాష కూడా అడ్డమే. వేరే రాష్ట్రం జైల్లో ఉన్నవారికి తెలుగులో రాస్తే, చదివి చెప్పే ఉద్యోగి దొరికేదాకా ఉత్తరం ఆగుతుంది. అలాంటప్పుడు చిన్న వాక్యాలతో, విడివిడి అక్షరాలతో రాయండి. పైన ‘ఇందులో కుటుంబ క్షేమ సమాచారం మాత్రమే ఉంది’ అని అక్కడి భాషలో ఒక వాక్యం పెడితే కొంత తొందరగా కదులుతుంది.

దొంగచాటుగా పంపే మాట వదిలేయండి. 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, నిబంధనలకు విరుద్ధంగా ఖైదీతో సమాచారం నడపడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీకు పడే శిక్షకన్నా, లోపల ఆయనకు జరిగే నష్టం ఎక్కువ. ములాఖత్ రద్దు కావొచ్చు, రెమిషన్ (శిక్షా కాలంలో తగ్గింపు) పోవచ్చు. ఒక్క చీటీ కోసం అంత నష్టం తెచ్చిపెట్టే హక్కు మనకు లేదు.

ఇంకో సంగతి బాగా గుర్తుంచుకోండి. ఖైదీ తన లాయరుతో చెప్పుకున్న మాటకు చట్టంలో రక్షణ ఉంది. మీతో చెప్పుకున్న మాటకు అది లేదు. అందుకే ‘అసలు ఆ రాత్రి ఏం జరిగింది?’ అని ఎప్పుడూ రాయకండి. ఆయనే మొదలుపెడితే, ‘ఈ సంగతి లాయరుకు చెప్పండి, నాకు రాయొద్దు’ అని మర్యాదగా ఆపండి. జైలు మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే దానికి వేరే దారి ఉంది. 1979 డిసెంబరులో సునీల్ బత్రా అనే ఖైదీ రెండో కేసు తీర్పులో సుప్రీంకోర్టు జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని, జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో వాటిని తరచూ తెరవాలని చెప్పింది. కోర్టులు నియమించిన లాయర్లు ఖైదీలతో గోప్యంగా మాట్లాడుకునే వీలు కల్పించాలని కూడా ఆదేశించింది.

ప్రశ్న: మాకు ఉత్తరాలు రాసే ఒక యువకుడు, పక్క బ్యారక్‌లో ఒకరిని వార్డర్లు కొట్టారని రాశాడు. ఉత్తరాన్ని జైలు సూపరింటెండెంటుకు పంపి విచారణ చేయమంటే సరిపోతుందా?
– ఒక స్వచ్ఛంద సంస్థ సభ్యులు, గుంటూరు

జవాబు: ఆ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు జైలుకు పంపకండి. దాని మీద ఆ అబ్బాయి చేతిరాత ఉంది, పేరుంది. మీరు విచారణ అడిగిన రోజు రాత్రి కూడా అతను ఆ బ్యారక్‌లోనే పడుకోవాలి.

ముందు ఉత్తరాన్నీ, కవరునూ కలిపి భద్రపరచండి. కవరు మీద తపాలా ముద్ర తేదీయే మీకున్న మొదటి సాక్ష్యం. మీకు అందిన తేదీ, వేళ వేరే కాగితం మీద రాసి సంతకం చేయండి. ఉత్తరం మీద గీతలు గీయడం, పిన్ను గుచ్చడం చేయకండి. తర్వాత మీ మాటల్లో ఒక పేజీ తయారుచేయండి. ఏ జైలు, ఏ బ్లాకు, ఏ తేదీ, ఉదయమా రాత్రా, ఎవరికి ఏ శరీరభాగం మీద గాయం, ఆస్పత్రికి తీసుకెళ్లారా, కొట్టినవాళ్ల పేరు కానీ హోదా కానీ ఏమిటి అన్నవి ఉండాలి. తెలియనిదాన్ని ఊహించి నింపకండి. ‘దారుణ హింస జరుగుతోంది’ అని పది వాక్యాలు రాస్తే వాటికి ‘ఆరోపణలు నిరాధారం’ అని ఒక్క వాక్యం జవాబొస్తుంది. ‘12వ తేదీ సాయంత్రం ఖైదీల లెక్క తర్వాత, ఎడమ మోచేయి’ అని రాస్తే, ఆ రోజు డ్యూటీ పుస్తకం, ఆస్పత్రి రిజిస్టరు తీయాల్సి వస్తుంది.

ఈ పేజీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. దానికి జిల్లా జడ్జి అధ్యక్షులు, కార్యదర్శి కూడా న్యాయాధికారే. అందులో మొదటి కోరిక వెంటనే వైద్య పరీక్ష. కమిలిన గాయం రంగులు మారుతూ రెండు వారాల్లో కనబడకుండా పోతుంది. శిక్షించమని ఆరు నెలల తర్వాత కూడా అడగొచ్చు. గాయాన్ని నమోదు చేయమని మాత్రం ఇప్పుడే అడగాలి. రెండో కోరిక, గాయపడిన ఖైదీతో పాటు అదే బ్యారక్‌లో మరికొందరిని కూడా లాయరు విడివిడిగా కలవాలని. పదిమందిని కలిస్తే, చెప్పింది ఎవరో బయటపడదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయాలంటే రుసుము లేదు, తెలుగులోనే రాయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు అందాలి. రాష్ట్ర కమిషన్ ముందు నడుస్తున్న విషయాన్ని జాతీయ కమిషన్ చేపట్టదు. కాబట్టి ఒకేసారి రెండుచోట్లకూ పంపితే బలం పెరగదు, ఒక తలుపు మీ చేతులతో మీరే మూసుకున్నట్టు అవుతుంది.

పైన చెప్పిన సునీల్ బత్రా తీహార్ జైల్లో మరణశిక్ష పడ్డ ఖైదీ. ఒక హెడ్ వార్డర్ సాటి ఖైదీని దారుణంగా గాయపరిచాడని ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తికి రాసిన ఉత్తరాన్నే కోర్టు హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషి తరఫున వేసే) పిటిషన్‌గా తీసుకుంది. ఇద్దరు న్యాయవాదులను కోర్టుకు సహాయకులుగా నియమించి జైలుకు పంపింది. ఆ ఉత్తరం ఏ ఫారంలోనూ లేదు, స్టాంపు పేపరు మీదా లేదు. ఒక మనిషి, ఒక గాయం, ఒక ఉద్యోగి అని వేలు పెట్టి చూపించడమే దాని బలం.

ప్రశ్న: మా అబ్బాయి ‘లాయరు రావట్లేదమ్మా’ అని రాస్తున్నాడు. దొంగతనం కేసు, మొదటిసారి. మూడేళ్లు కావొస్తోంది, ఇంకా తీర్పు రాలేదు. జైళ్ల మీద వ్యాసాలు రాసే ఒక పెద్దాయనకు ఉత్తరం రాస్తే మేలు జరుగుతుందా?
– ఒక తల్లి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: రాయండమ్మా. కానీ ఆయన మీకు మేలు చేయాలంటే ఉత్తరంలో కష్టంతో పాటు లెక్కలు కూడా ఉండాలి. ఇవి రాయించండి: అరెస్టయిన తేదీ, పోలీస్ స్టేషన్, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, కేసు నంబరు, ఏ ఊళ్లో ఏ కోర్టు, పెట్టిన సెక్షన్లు, ఇంకేమైనా కేసులున్నాయా, రాబోయే వాయిదా. ఇవన్నీ అబ్బాయి దగ్గర ఉండకపోవచ్చు. రిమాండ్ వారెంట్ జైలు ఆఫీసులో ఉంటుంది, అందులో చాలావరకు దొరుకుతాయి. చూసి చెప్పమని జైల్లో ఉండే న్యాయ సహాయ కేంద్రం వాలంటీరును అడగమనండి.

ఎందుకు ఇన్ని అంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే కోర్టు బాండు మీద విడుదల చేయాలి. మిగిలినవాళ్లకు సగం. ఏడేళ్ల శిక్ష పడగల సెక్షను అయితే మూడో వంతు అంటే 2 సంవత్సరాల 4 నెలలు, సగం అంటే మూడున్నరేళ్లు. మీ అబ్బాయి మీద ఉన్నది అలాంటి సెక్షనే అయితే గడువు ఇప్పటికే దాటింది. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదేనని అదే సెక్షను చెబుతుంది. కొత్త చట్టం రాకముందు నమోదైన కేసుల్లోని విచారణ ఖైదీలకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా ఈ దారి మూసుకుంటుంది. విచారణ మీ అబ్బాయి వల్లే ఆలస్యమైతే ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు. ‘ఇంకేమైనా కేసులున్నాయా’ అన్న ప్రశ్నకు దాచకుండా జవాబు రాయమని అందుకే గట్టిగా చెబుతున్నాం. దాస్తే, తీరా దరఖాస్తు పెట్టాక కోర్టులో బయటపడుతుంది.

లాయరు సంగతి: కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఉచిత లాయరు హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. కొత్త లాయరు రావాలంటే వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద అబ్బాయి సంతకం, సూపరింటెండెంటు ధ్రువీకరణ కావాలి. ఈ ఒక్క కాగితం దగ్గరే వారాలు పోతాయి. లాయరు పేరు ఖాయమవగానే వకాలత్ జైలుకు చేర్చే పని ఎవరిదో అదే రోజు తేల్చుకోండి.

శిక్ష పడ్డవాళ్ల గురించి అడిగిన మరో ఇద్దరికి: తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, మరణశిక్ష మీదైతే 30 రోజులే. అప్పీలును జైలు అధికారి చేతికిచ్చినా చెల్లుతుంది, కోర్టుకు పంపడం ఆయన పని. 1978లో హోస్కాట్ కేసులో, తీర్పు నకలు జైలుకు పంపారు కానీ తనకు అందలేదని ఖైదీ అన్నాడు. అందినట్టు అతని సంతకం లేదు. అప్పుడే సుప్రీంకోర్టు నకలు ఇచ్చినట్టు ఖైదీ నుంచి రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలని చెప్పింది. కాబట్టి ‘నకలు ఏ తేదీన చేతికొచ్చింది?’ అన్నది ప్రతి కొత్త ఖైదీని మొదటి ఉత్తరంలోనే అడగాల్సిన ప్రశ్న.

ప్రశ్న: రెండేళ్లుగా ఉత్తరాలు రాస్తున్న ఖైదీ ఇప్పుడు తనకు జామీను ఉండమంటున్నారు. కాదంటే బాధపడతారేమో.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: మీకు ఇష్టమై, నష్టం భరించగలిగితే తప్ప ఉండొద్దు. ఆయన వాయిదాకు రాకపోతే బాండు మొత్తం మీ దగ్గర వసూలు చేస్తారు. కాదన్న మాటతో పాటు ఒక దారి చూపించండి. బెయిల్ వచ్చి జామీనుదార్లు లేక ఆగినవాళ్ల గురించి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు జామీను సమర్పించలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. అందుకని బెయిల్ ఉత్తర్వు తేదీ అడిగి తెలుసుకుని, ఈ సంగతి కార్యదర్శికి రాయండి. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కూడా ఉంది. మొదలైనప్పుడు దాని కింద విచారణ ఖైదీల బెయిల్‌కు 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవాళ్ల జరిమానాకు 25,000 వరకు పెట్టారు. మాదకద్రవ్యాలు, మనీలాండరింగ్, అవినీతి నిరోధక చట్టం, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు అది వర్తించదు.

ప్రశ్న: ఒక జీవిత ఖైదీ కవితలు రాసి పంపుతున్నారు, చాలా బాగుంటున్నాయి. అచ్చు వేయొచ్చా?
– ఒక పత్రిక నడిపేవారు, కడప

జవాబు: వేయొచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వం, ప్రభాకర్ పాండురంగ సంజ్‌గిరి మధ్య నడిచిన కేసు ఈ విషయంలో పాతదే అయినా గట్టిది. నిర్బంధంలో ఉన్న ఆయన మరాఠీలో పరమాణు విజ్ఞానం మీద పుస్తకం రాస్తే, రాతప్రతిని బయటికి పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిర్బంధ షరతుల్లో లేని ఆంక్ష పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాపీరైటు ఆయనదే. ఉత్తరంలో పంపినంత మాత్రాన మీది కాదు. ఏ కవిత, ఏ పత్రిక, ఏ పేరుతో అని ఆయన చేత రాయించుకోండి. పేరు వేయించుకోవాలా వద్దా అన్నది ఆలోచించుకోవడానికి నెల రోజులైనా సమయం ఇవ్వండి. అచ్చయిన పేరును వెనక్కి తీసుకోలేం, విడుదలయ్యాక కూడా అది వెంటాడుతుంది. అప్పీలు నడుస్తుంటే ఆ కవిత ఆయన లాయరు ఒకసారి చదవాలి. ‘నా చేతుల మీది నెత్తురు’ అన్న పంక్తి కవిత్వమే, కానీ దాన్ని ఎవరెలా వాడతారో చెప్పలేం. నేరం వల్ల నష్టపోయిన కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరం ఏదీ ఉండకూడదు. ఈ విషయంలో మేం ఎంత కచ్చితంగా ఉన్నా ఎక్కువ కాదనుకుంటున్నాం, ఆ కుటుంబం కూడా మీ పత్రిక చదవొచ్చు. పారితోషికం ఉంటే నోటు కవరులో పెట్టకుండా, జైలులో ఆయన పేరిట ఉన్న ఖాతాకు జమ చేసే పద్ధతి సూపరింటెండెంటు ఆఫీసును అడిగి పంపండి. పత్రిక కాపీ కూడా పంపండి. చేతిరాత గీతలు, అతికించిన కాగితాలు లేని కొత్త కాపీ అయితే తనిఖీలో ఆగదు.

ప్రశ్న: నెలకొకటి వచ్చే ఉత్తరం మూడు నెలలుగా లేదు. నా మాటకు నొచ్చుకున్నారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నొచ్చుకోవడం చివరి కారణం అనుకోండి. వేరే జైలుకు బదిలీ, విడుదల, నంబరు మారడం, జైలు శిక్షగా ఉత్తరాల సౌకర్యం ఆపడం, జబ్బు, స్టాంపుకు డబ్బు లేకపోవడం, రాసిపెట్టే తోటి ఖైదీ వెళ్లిపోవడం, ఇవన్నీ ముందు చూడాలి. నెలకు ఎన్ని ఉత్తరాలు, అందులో ప్రభుత్వ ఖర్చుతో ఎన్ని అన్నది ఆ రాష్ట్రం నియమావళిని బట్టి ఉంటుంది. ఉన్నవి ఇంటికీ కోర్టుకూ అయిపోతే మీ వంతు రాదు.

మూడు వాక్యాల ఉత్తరం ఒకటి ఆయనకు రాయండి, నింద లేకుండా. రెండు వారాలు చూసి, సూపరింటెండెంటుకు ‘ఫలానా నంబరు ఖైదీకి మా ఫలానా తేదీల ఉత్తరాలు చేరాయా, ఆయన ఇక్కడే ఉన్నారా’ అని మర్యాదగా అడగండి. ఇది స్పీడ్ పోస్టులో, చేరిన రుజువు అడిగి పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక పాత అట్ట రసీదు కోసం వెతకొద్దు. వెనక్కి రాయడానికి స్టాంపు అతికించిన కవరు పెట్టొచ్చా అన్నది ముందు కనుక్కోండి, కొన్ని జైళ్లు ఒప్పుకోవు.

ప్రశ్న: ఒక్కొక్కరికి జవాబు రాస్తూ పోతే వ్యవస్థ మారుతుందా?
– ఒక లా విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: జవాబులతోపాటు రిజిస్టరు కూడా రాస్తే మారుతుంది. ప్రతి ఉత్తరానికీ ఒక వరస: ఉత్తరం తేదీ, అందిన తేదీ, జైలు, ఖైదీ విచారణలో ఉన్నారా, శిక్ష పడిందా, అడిగింది ఏమిటి, మనం చేసింది ఏమిటి, ఫలితం. రెండేళ్లు రాశాక ‘అడిగింది’ అన్న గడి ఒక్కటే కిందదాకా చదవండి. ఒకే జైలు నుంచి వైద్యం గురించి ఇరవై ఉత్తరాలుంటే అది ఇరవై మంది దురదృష్టం కాదు, అక్కడ డాక్టరు లేడు.

1983 నాటి షీలా బర్సే కేసు చూడండి. ఆమె పాత్రికేయురాలు. బొంబాయి సెంట్రల్ జైల్లో 15 మంది మహిళా ఖైదీలతో మాట్లాడారు. వాళ్లలో అయిదుగురు లాకప్‌లో పోలీసులు కొట్టారని చెప్పారు. ఆ సంగతి ఉత్తరంగా సుప్రీంకోర్టుకు రాశారు. కోర్టు నిర్మలా నికేతన్ సామాజిక సేవా కళాశాల డైరెక్టరును పంపి ఖైదీలతో మాట్లాడించి, మహిళల లాకప్‌లకు మహిళా కానిస్టేబుళ్లే కాపలా ఉండాలనేదాకా ఆదేశాలిచ్చింది. 15 మందిలో 5 అన్న లెక్క ఉంది కనుకే కోర్టు దాన్ని పరీక్షించగలిగింది. 2013 జూన్ 13న మాజీ ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ రాసిన ఉత్తరం కూడా నాలుగు విషయాలకే పరిమితం: కిక్కిరిసిన జైళ్లు, అసహజ మరణాలు, సిబ్బంది కొరత, ఉన్న సిబ్బందికి శిక్షణ లేకపోవడం. 1382 జైళ్ల కేసుగా పేరుపడింది ఆ ఉత్తరమే. పైన చెప్పిన 2024 ఆగస్టు ఆదేశం కూడా ఆ కేసులోనే వచ్చింది.

ప్రశ్న: మా తాతగారు జైలుకు అనధికార సందర్శకులుగా (జైలును చూసివచ్చేందుకు నియమించిన, ప్రభుత్వోద్యోగి కాని వ్యక్తిగా) ఉండేవారు. ఆయనకు ఖైదీలు రాసిన ఉత్తరాలు ట్రంకు పెట్టెలో దొరికాయి. కొన్ని అతుక్కుపోయాయి, పిన్నులు తుప్పు పట్టాయి. వీటికి విలువ ఉందా, ఎలా దాచాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చాలా విలువ ఉంది. జైలు రికార్డులో ఖైదీ నంబరుగా, శిక్షా కాలంగా మాత్రమే కనిపిస్తాడు. అతని సొంత గొంతు మిగిలేది ఇలాంటి పెట్టెల్లోనే. అమెరికాలో థామస్ మాట్ ఆస్బర్న్ అనే సంస్కర్త, జైలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని 1913లో ‘టామ్ బ్రౌన్’ పేరుతో ఆబర్న్ జైల్లో వారం రోజులు ఖైదీగా ఉన్నారు. తర్వాత సింగ్ సింగ్ జైలుకు వార్డెన్ అయ్యారు. ఆ కుటుంబపు కాగితాలు ఇప్పుడు సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మీ తాతగారి పెట్టె కూడా ఆ కోవలోదే.

ముందు ఏదీ సర్దకండి. ఏ కట్టలో ఏ ఉత్తరం ఉందో, ఏ వరసలో ఉందో ఫోటోలు తీయండి. ఆయన పెట్టుకున్న వరసకు ఒక అర్థం ఉండొచ్చు. తారీఖుల ప్రకారం పేర్చేస్తే అది మళ్లీ దొరకదు. పెట్టెను ఎండలో పెట్టొద్దు, సిరా వెలిసిపోతుంది. గాలి ఆడే నీడలో వారం ఉంచండి. పిన్ను లాగితే కాగితం చిరుగుతుంది. పిన్నుకూ కాగితానికీ మధ్య పలుచటి ప్లాస్టిక్ ముక్క జొనిపి, కాళ్లను మెల్లగా పైకెత్తి తీయండి. మడతలు ఒక్కసారి విప్పి, బరువైన పుస్తకం కింద రెండు తెల్ల కాగితాల మధ్య ఉంచండి. అతుక్కుపోయినవాటిని తడపొద్దు, గోటితో విడదీయొద్దు. అవి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కాగితాల మరమ్మతు తెలిసినవాళ్లు చేయాల్సిన పని. సెల్లోటేపు, లామినేషన్ అసలు వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాల్లోకి దిగుతుంది, లామినేషన్‌ను తిరిగి తీయలేం.

ప్రతి ఉత్తరానికీ మెత్తటి పెన్సిలుతో, వెనక మూలన, చిన్నగా నంబరు వేయండి. కవరుకూ అదే నంబరు. కవర్లు పారేయొద్దు. జైలు సెన్సార్ ముద్ర, అధికారి పొడి సంతకం, తపాలా తేదీ సాధారణంగా వాటి మీదే ఉంటాయి. నల్లసిరా పూసి కొట్టేసిన పంక్తుల్ని కూడా ‘రెండు పంక్తులు కొట్టేశారు’ అని జాబితాలో రాయండి, ఏం రాయనివ్వలేదో అదీ చరిత్రే. స్కాన్ 300 డి.పి.ఐ.కి తగ్గకుండా, రంగుల్లో, రెండువైపులా చేయండి. పెన్సిలు రాత అయితే 400 మంచిది. తెలుగు పాత రాతను ఎత్తిరాసేటప్పుడు తప్పులు దిద్దకండి. ‘వుత్తరం’ అని రాసి ఉంటే ‘వుత్తరం’ అనే రాయండి. చదవలేని చోట ఖాళీ వదిలి, ఎన్ని మాటలో సుమారుగా గుర్తు పెట్టండి.

ఎవరికైనా చూపించేముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. ఉత్తరం రాసినవారి పిల్లలు, మనవలు ఇదే జిల్లాలో ఉండి ఉండొచ్చు, తమ ఇంట్లో ఒకరు జైలుకు వెళ్లారని వాళ్లకు తెలియకపోనూవచ్చు. అసలు ప్రతిలో ఏమీ చెరపొద్దు. బయటికిచ్చే నకలులో మాత్రం పేరు, ఊరు, ఖైదీ నంబరు తీసి, ఆ స్థానంలో మీరు వేసిన వరస నంబరు పెట్టండి. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా విడిగా, వేరే చోట ఉంచండి. ఆర్కైవ్స్‌కో, విశ్వవిద్యాలయానికో ఇచ్చేటప్పుడు, ఆ జాబితాను ఎన్నేళ్లపాటు మూసి ఉంచాలో దానపత్రంలోనే రాయించండి.